పేరు లేని బయానులు

మదర్సాలో పుస్తకాల అల్మారాలు సర్దడం పాత పని. ఈ కొన్నేళ్ళుగా హార్డ్ డిస్క్ సర్దడం దానికి తోడైంది. జుమా ఖుత్బాలు, తజ్వీద్ పాఠాలు, తరావీహ్ పారాయణాలు, తఫ్సీర్ దర్సులు అన్నీ వీడియోలుగా వచ్చి చేరుతున్నాయి. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫైలుకు ‘వీఐడీ’ అనే మూడక్షరాలు, ఎనిమిదంకెల తేదీ, ‘డబ్ల్యూఏ’, ఒక క్రమసంఖ్య, ఇంతే పేరు. మాట్లాడినవారెవరో, ఏ ఆయత్‌పై మాట్లాడారో అందులో ఉండదు. ఆ తేదీ కూడా దర్సు జరిగిన తేదీ కాదు. ఫైలు ఆ ఫోనుకు చేరిన తేదీ.

కీర్తిశేషులైన మా ఉస్తాద్ గారు ఫజ్ర్ తర్వాత చెప్పిన దర్సులు ఇలా శిష్యుల ఫోన్లలో చెల్లాచెదురుగా ఉండిపోయాయి. అడిగి తెప్పించగా ఆరువందలకు పైగా ఫైళ్ళు వచ్చాయి. మా దగ్గర హిఫ్జ్ చేసి, ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి వాటిని సర్దడానికి పైథాన్ భాషలో చిన్న స్క్రిప్ట్ వ్రాసి ఇచ్చాడు. అది ఫైలు పేరు చదువుతుంది, అందులోని మాటలను బట్టి ఫోల్డర్ నిర్ణయిస్తుంది, కొత్త పేరు పెట్టి అక్కడికి చేరుస్తుంది. అయితే మొదటిసారి ఏ ఫైలునూ ముట్టుకోదు. ఏది ఎక్కడికి వెళ్ళబోతున్నదో జాబితా మాత్రం చూపుతుంది. ఆ జాబితా చదివి మేము సరేనన్న తర్వాతే కదుపుతుంది. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒక పట్టికలో వ్రాసి ఉంచుతుంది. డౌన్‌లోడ్ పూర్తికాని ఫైళ్ళ జోలికి పోదు. ఆ పేరుతో అప్పటికే మరో ఫైలు ఉంటే ఆగిపోతుంది. లినక్స్ యంత్రాలలో పైథాన్‌తో పేరు మార్చేటప్పుడు ఈ జాగ్రత్త లేకపోతే పాత ఫైలు చప్పుడు లేకుండా చెరిగిపోతుందట.

అంకెల విషయం మాకు బాగా నచ్చింది. సూరాలకు 1, 2, 3 అని పేర్లు పెడితే చాలా యంత్రాలు ఫాతిహా తర్వాత బఖరాకు బదులు పదవదైన యూనుస్‌ను, ఆ వెంటనే నూరవదైన ఆదియాత్‌ను వినిపిస్తాయి. 001 నుండి 114 వరకు మూడంకెలలో వ్రాస్తే వరుస తప్పదు. ఆయత్‌కు మరో మూడంకెలు చేరిస్తే చిరునామా పూర్తవుతుంది. ఆయతుల్ కుర్సీ 002255.

హిజ్రీ తేదీని మాత్రం యంత్రానికి వదలలేదు. సౌదీ వారి ఉమ్ముల్ ఖురా క్యాలెండర్ లెక్క మన దేశపు నెలవంక కంటే తరచుగా ఒక రోజు ముందుంటుంది. మరోవైపు మనకు మగ్రిబ్‌తోనే కొత్త తేదీ మొదలవుతుంది గనుక తరావీహ్ రికార్డింగుకు ఒక రోజు కలపాలి. ఈ రెండు తేడాలూ ఒకదాన్నొకటి కొట్టివేసి, లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. ఫజ్ర్ దర్సుకు వచ్చేసరికి తప్పుతుంది. అందువల్ల ఇక్కడి హిలాల్ కమిటీ ప్రకటన చూసి ప్రతి నెల మొదటి తేదీని చేతితో వ్రాసి ఇస్తున్నాము.

పేర్ల చిక్కు ఇంతకంటే పెద్దది. అరబీ కాఫ్, ఉర్దూ కాఫ్ పదం మొదట్లో కంటికి ఒకటే. కంప్యూటర్‌కు వేర్వేరు అక్షరాలు. కాబట్టి ఒకే మౌలానాకు రెండు ఫోల్డర్లు తయారవుతాయి. ఒకే పేరుగల ఇద్దరు మౌలానాలు ఒకే ఫోల్డర్‌లో పడతారు. ఈ రెండూ హదీసు విద్యార్థులకు కొత్త సంగతులు కావు. హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ (రహ్మతుల్లాహి అలైహి) పేరు ఒకటై మనుషులు వేరైన రావీల గురించి ‘అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్’ వ్రాశారు. ఒకే మనిషిని ఇద్దరుగా, ఇద్దరిని ఒకరుగా పొరబడటం గురించి వేరే గ్రంథమే వ్రాశారు. ఏ యంత్రమూ లేని కాలంలో వారు పడిన శ్రమను తలచుకుంటే మా ఆరువందల ఫైళ్ళు లెక్కలోనివి కావు.

“హజ్రత్, టైటిల్ చూసి ప్రసంగీకుల పేరు కూడా అదే పెట్టేలా వ్రాయనా?” అని ఆ అబ్బాయి అడిగాడు. వద్దన్నాము. నలుగురూ చూడాలని ఎవరి బయానుకో ప్రసిద్ధుల పేరు తగిలించి పంపేవారు ఉన్నారు. ఆ పేరును స్క్రిప్ట్ మరింత శుభ్రంగా, మరింత నమ్మకంగా వ్రాసి పెడుతుంది.

ఆ మధ్య ఒక కుటుంబం మా దగ్గరికి వచ్చింది. వారి ఫోనులో తలాఖ్ గురించి మూడు నిమిషాల ముక్క ఉంది. గొంతు మా ఉస్తాద్ గారిదే, సందేహం లేదు. ఆ మాటలనే ఆధారం చేసుకుని అల్లుడి తరఫువారు నిర్ణయం అయిపోయిందంటున్నారు. అమ్మాయి ఇద్దరు పిల్లలతో పుట్టింటిలో ఉంది. ముక్కలో వినబడిన ఆయత్ బఖరా 229. మేము 002229 తెరిస్తే నలభై నిమిషాల పూర్తి దర్సు దొరికింది. ఉస్తాద్ గారు అక్కడ ఒక అభిప్రాయాన్ని ముందు వినిపించి, దానికి జవాబు తర్వాత చెప్పారు. ఫోనులో తిరుగుతున్నది ఆ మొదటి భాగమే. ఉభయ పక్షాల పెద్దలను కూర్చోబెట్టి మొత్తం వినిపించాము. దర్సు వేరు, ఫత్వా వేరు అని చెప్పి ముఫ్తీ సాహెబ్ వద్దకు పంపాము. తర్వాతి సంగతి ఆ ఇంటివారిది.

అంశం ప్రకారం సర్దాలా, వ్యక్తి ప్రకారమా అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) తమ సహీహ్‌ను అంశాల వారీగా కూర్చారు. ఇమామ్ అహ్మద్ (రహ్మతుల్లాహి అలైహి) ముస్నద్‌ను సహాబాల వారీగా కూర్చారు. బుఖారీలో ఒకే హదీసు అవసరాన్ని బట్టి పలు అధ్యాయాలలో వస్తుంది. మేమూ ఫైలును ఒకచోటే ఉంచి, మిగిలిన చోట్ల షార్ట్‌కట్‌లు పెట్టించాము.

గొంతు ఎవరిదో తేలని వాటికి వేరే ఫోల్డర్ ఉంది. దాని పేరు మజ్హూల్. తెలియని రావీకి ముహద్దిసులు వాడే మాటే అది. గురువారం ఇషా తర్వాత ఉస్తాద్ గారి పాత శిష్యులు ఇద్దరు వేర్వేరు గదులలో కూర్చుని వింటారు. ఇద్దరూ ఒకే పేరు వ్రాసిస్తేనే ఫైలు అక్కడి నుండి కదులుతుంది. గతవారం ఆరు కదిలాయి. ఇంకా నలభై మూడు ఉన్నాయి.