బార్సిలోనా అనుకున్నాం, బండి కాకినాడకి తిప్పాం

మా తమ్ముడి ఫోన్ వాల్‌పేపర్ రెండేళ్ళుగా బార్సిలోనానే. నీలం సముద్రం, పసుపు గోడలు, బాల్కనీల నిండా పూలకుండీలు. ‘జిందగీ నా మిలేగీ దొబారా’ చూసిన రోజు నుంచి ఒకటే గోల. ‘ఎప్పటికైనా స్పెయిన్ వెళ్ళాలక్కా, నువ్వూ నేనూ’ అని. చివరికి వీసా వచ్చింది. స్పెయిన్‌కి కాదు, ఖతార్‌కి. దోహాలో ఏసీ టెక్నీషియన్ పని. బుధవారం రాత్రి హైదరాబాద్ నుంచి ఫ్లైట్.

శుక్రవారం రాత్రి గుమ్మంలో నిలబడి అడిగాడు. ‘అక్కా, రేపూ ఎల్లుండీ నీకు సెలవే కదా. కాకినాడ వెళ్ళొద్దామా?’

మూడు వారాల్లో మా ఇద్దరి మధ్యా నడిచిన మొదటి పూర్తి వాక్యం అది. మాట్లాడటం మానేసింది నేనే లెండి. ఏజెంటుకి కట్టడానికి అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టాడని తెలిసినప్పటి నుంచి. అదీ నాకు ఒక్క మాట చెప్పకుండా.

వద్దందామనుకున్నాను. సరే అన్నాను.

మాది రావులపాలెం. రాజమండ్రి వైపు నుంచి హైవే మీద వస్తే గౌతమి వంతెన దిగగానే తగిలే ఊరు. కోనసీమకి వాకిలి అంటారు. అరటి గెలల మార్కెట్ మా ఊరికి పెద్ద పేరు. కర్పూరం, చక్కెరకేళి, బొంత, ఏ గెల కావాలన్నా ఇక్కడ లారీకెక్కుతుంది. హైవే పక్కన పుట్టిన పిల్లలం కాబట్టి ఊరు దాటి వెళ్ళిపోయే బళ్ళని చూడటం మాకు అలవాటే. మనింట్లోంచి ఎక్కితేనే తేడా తెలుస్తుంది.

కాకినాడకి దగ్గర దారి మండపేట, రామచంద్రపురం మీదుగా. మేం కావాలనే చుట్టు తిరిగి కోనసీమలోంచి వెళ్ళాం. మీరు వెళ్ళినా అలాగే వెళ్ళండి, బండి మీదైతే ఇంకా బాగుంటుంది. పొద్దున్న ఆరింటికి బయల్దేరి, కొత్తపేట దాటి, అంబాజీపేటలో ఆగి పొట్టెక్కలు తిన్నాం. పనసాకుల బుట్టలో ఉడికించిన ఇడ్లీ అన్నమాట. ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన ఏ రీల్‌లోనూ రాదు. వాడు నాలుగు తిన్నాడు. ‘అక్కడ దొరకవు కదా’ అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

అమలాపురం, ముమ్మిడివరం దాటాక మురమళ్ళ. అక్కడ వీరేశ్వరస్వామికి రోజూ కళ్యాణం జరుగుతుంది. పెళ్ళి కానివాళ్ళు వచ్చి చేయించుకుంటే సంబంధం కుదురుతుందని నమ్మకం. బండి స్లో చేసి ‘ఆగమంటావా?’ అన్నాడు వెధవ. వీపు మీద ఒకటిచ్చాను. మాట్లాడకపోయినా కొట్టడం మానలేదు కదా అని నవ్వాడు.

ఎదుర్లంక నుంచి యానాంకి బాలయోగి వారధి. ఆ వంతెన రాకముందు పంటు మీద దాటేవాళ్ళు, మనుషులూ బళ్ళూ అందరూ కలిసే. వంతెన మధ్యలో గోదావరి ఎంత వెడల్పుగా ఉంటుందంటే, ఇది నదా సముద్రమా అని ఒక్క క్షణం తేల్చుకోలేం.

యానాం దిగగానే పోలీసుల టోపీలు ఎర్రగా మారిపోతాయి. ఇది పుదుచ్చేరి. మనకి స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1954 దాకా ఇక్కడ ఫ్రెంచి వాళ్ళదే పాలన. యూరప్ చూడాలన్న మావాడి సరదా ఇక్కడ కొంచెం తీరింది. చుట్టూ ఉన్నది బ్రిటిష్ ఇండియా, మధ్యలో చిన్న ఫ్రాన్స్. బాల్యవివాహాలు తప్పని 1929లో శారదా చట్టం వస్తే, ఇటువైపు వాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసేసేవారట. ఆ చట్టం ఫ్రెంచి గడ్డ మీద చెల్లదు కాబట్టి. అందుకే కళ్యాణపురం అనే పేరు కూడా వచ్చిందంటారు. రెండు పెళ్ళిళ్ళ ఊళ్ళు ఒకే రోడ్డు మీద! ఇప్పుడు యానాం వచ్చేవాళ్ళు ఎక్కువమంది దేనికొస్తారో మీకూ తెలుసు. తమ్ముడు షాపుల వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. బండి ఆగలేదు.

తర్వాత కోరంగి.

ఈ ఊరి గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఇప్పుడు మడ అడవులు చూడటానికి వస్తున్నారు కానీ, ఒకప్పుడు ఇది ఓడలు కట్టే రేవు. 1789లో ఒక తుఫాను, 1839లో ఇంకొకటి దీన్ని ఊడ్చేశాయి. బంగాళాఖాతం గాలివానల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి తుఫాను గురించి కూడా రాశాడు. ‘సైక్లోన్’ అనే మాట పుట్టించింది ఆయనే. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు వేలకి వేలు రంగూన్ వెళ్ళారు. మన పెద్దవాళ్ళ నోట్లో అది రంగం. ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది. ముద్దుగా పెట్టిన పేరేం కాదు. రేవుల్లో మూటలు మోసిన కూలీలు వాళ్ళు. 1930లో రంగూన్ రేవు గొడవల్లో చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్ వాళ్ళు వస్తున్నారని అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ వెనక్కి బయల్దేరినవాళ్ళు ఇంకెంతమందో.

మా అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. రంగం పెట్టె. నాయనమ్మ వాళ్ళ పెదనాన్నది. పెట్టె తిరిగొచ్చింది కానీ ఆయన రాలేదు. చిన్నప్పుడు తమ్ముడు అందులో క్రికెట్ బంతులు దాచేవాడు.

మడ అడవిలో చెక్కల బాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మొక్కలు వాటితోనే గాలి పీలుస్తాయి. నీటిపిల్లి కనబడుతుందేమోనని చాలాసేపు చూశాం, ఎండ్రకాయలు తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడన్నాడు వాడు, ‘రంగం వెళ్ళినాయనకి వాట్సాప్ లేదక్కా. నేను రోజూ వీడియో కాల్ చేస్తా.’

‘చెయ్యి. అమ్మ మెడ ఖాళీగా ఉంటుంది, ముందు అదే కనబడుతుంది’ అన్నాను.

అనకూడదనుకున్న మాటే. కాకినాడ దాకా మళ్ళీ ఇద్దరం మాట్లాడుకోలేదు.

కాకినాడ మొన్నటిదాకా మా జిల్లాకి హెడ్‌క్వార్టర్స్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మాది కోనసీమ అయింది. కలెక్టరేట్ పని మీద నాన్న ఇక్కడికి వచ్చినప్పుడల్లా కోటయ్య కాజా పొట్లం పట్టుకొచ్చేవారు. మాకు కాకినాడంటే చాలాకాలం అదే. కొరికితే లోపలున్న పాకం గడ్డం మీదకి కారుతుంది, తెల్ల చొక్కా వేసుకుని తినకండి. మధ్యాహ్నం సుబ్బయ్య గారి హోటల్లో భోజనం. అరిటాకు నిండా అన్నీ వడ్డిస్తూ పోతారు, మనం వద్దన్నా వినరు. ఆకు చూసి ‘ఇది మన వైపుదే అయ్యుంటుంది’ అన్నాడు తమ్ముడు. కోపంలో ఉండి కూడా నవ్వొచ్చింది.

రూములు తీసుకునే చోట ఒక చిన్న కామెడీ. ‘మీరిద్దరూ ఏమవుతారండి?’ అని కౌంటర్లో ఆయన రెండు ఆధార్ కార్డుల్నీ మార్చి మార్చి చూశాడు. ‘ముక్కులు చూడండి’ అన్నాడు తమ్ముడు. చూసి, తాళాలిచ్చాడు.

సాయంత్రం బీచ్. కాకినాడ సముద్రం కొంచెం నెమ్మదస్తురాలు. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని ఉంటుంది కదా, పెద్ద అలలు దానికే తగులుతాయి. దూరంగా లంగరేసిన ఓడల లైట్లు వెలిగాయి. రంగం స్టీమర్లు ఎక్కినవాళ్ళు కూడా ఈ తీరాన్నే చివరిసారి చూసుంటారు. ఆ మాట పైకి అనలేదు.

ఆదివారం పొద్దున్నే ఉప్పాడ వెళ్ళాం. అక్కడ సముద్రం వేరు. రోడ్డుని కోసేసింది, అడ్డంగా వేసిన రాళ్ళని కూడా లాక్కెళ్తోంది. ఒక గోడ, ఆ గోడకి కిటికీ, అవతల నీళ్ళు. ఇల్లు లేదు. చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ ఒకావిడ చెయ్యెత్తి చూపించింది. ‘అదిగో, ఆ పడవ ఉన్న కాడ మా ఇల్లమ్మా. దాని ముందరి ఇల్లు ఇంకా లోపల.’ ఏదో బజారు దారి చెబుతున్నట్టు చెప్పింది. ‘మీరెక్కడివోళ్ళు?’ అంటే తమ్ముడు ‘రావులపాలెమండి. ఎల్లుండి గల్ఫ్ ఎళ్తన్నానండి’ అన్నాడు. ‘జాగర్త బాబూ’ అని, తన చేపల్లో పడింది.

రాళ్ళ మీద కూర్చున్నాక వాడే మొదలెట్టాడు.

‘గొలుసు నేనడగలేదక్కా. అమ్మే తీసి చేతిలో పెట్టింది. నీకు చెప్పొద్దంది.’

‘ఎందుకు?’

‘చెబితే నువ్వు మళ్ళీ లోన్ పెడతావని. పాతదే ఇంకా నువ్వే కడుతున్నావు కదా.’

2022 జూలై వరదకి లంకలో మా కౌలు అరటి తోట మొత్తం కుళ్ళిపోయింది. గెలలు కోతకి వచ్చిన సమయం. ఆ అప్పుని సచివాలయం ఉద్యోగం జీతం మీద నేను తలకెత్తుకున్నాను. నేను కడుతున్నాను కదా, ఇంట్లో అందరూ నాకు చెప్పే చెయ్యాలి అని ఎప్పుడు అనుకోవడం మొదలెట్టానో నాకే గుర్తులేదు. మూడు వారాలు వాడు తిట్లు తిన్నాడు గానీ అమ్మ పేరు బయటపెట్టలేదు.

‘మరి ఇప్పుడెందుకు చెప్పావు?’

‘బుధవారం దాకా నువ్విలాగే ఉంటే ఎలాగక్కా...’ అని ఆపేశాడు.

సారీ చెప్పాలి. మా ఇళ్ళల్లో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ ఆ మాట అలవాటు లేదు. ‘టిఫిన్ చేద్దాం పద’ అన్నాను. వాడికి అర్థమైంది.

ఉప్పాడలో ఒక జాందానీ మగ్గం చూశాం. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. బుటా ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. ధర అడిగి, మర్యాదగా లేచి వచ్చేశాం. ‘మొదటి జీతంతో...’ అని వాడు మొదలెట్టగానే ‘ఆ సినిమా డైలాగ్ వద్దురా, ముందు గొలుసు విడిపించు’ అన్నాను. జేబులోంచి తాకట్టు రసీదు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు రోజులూ పర్సులోనే పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. వడ్డీ కట్టాల్సిన తేదీకి నా ఫోన్‌లో రిమైండర్ పెట్టాను, వాడి ఫోన్‌లో కూడా.

తిరుగు ప్రయాణం రామచంద్రపురం మీదుగా. చీకటి పడ్డాక నేను నడిపాను. ‘బండి ఇక నీదేగా, అలవాటు చేసుకో’ అని వెనక కూర్చుని గేర్లు చెబుతూనే ఉన్నాడు, నాకు రానట్టు.

మంగళవారం సూట్‌కేస్‌ని వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టాం. 30 కిలోలే తీసుకెళ్ళనిస్తారట, ముల్లు దాటింది. ఆవకాయ తీస్తే అమ్మ ఊరుకోలేదు. కాజాల డబ్బా తీస్తే వాడు ఊరుకోలేదు. చివరికి ఒక జీన్స్ ప్యాంటు బయటికి తీశాం. అది ఇప్పుడు మా అటక మీద, రంగం పెట్టెలో ఉంది.