ఊళ్ళో కోర్టు

మా నాయన జీవితంలో ఒక్కసారే కోర్టు మెట్లెక్కాడు, అది కూడా సాక్షిగా. మాది పెద్దపంజాణి మండలంలో ఓ చిన్న పల్లె. బోరు నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, మా వీధి వాళ్ళు ముగ్గురు కలిసి మాలపల్లెకు చెందిన ఓ కూలీని కట్టెలతో కొట్టారు. ఆయన చెయ్యి విరిగింది. అదంతా మా కళ్ళం పక్కనే జరిగింది. నాయన అక్కడే ఉన్నాడు. పోలీసులు సాక్షుల్లో ఆయన పేరు కూడా రాసుకున్నారు. రెండేళ్ళ తర్వాత సమన్లొస్తే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కి పోయి, "ఆ పొద్దు నేను ఆడ లేను సామీ" అని చెప్పొచ్చాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. కేసు కొట్టేశారు. ఆ ముగ్గురిలో ఒకాయన మరుసటి వారం మా ఇంటి ముందర ఒక గంప టమాటాలు దించి పోయినాడు. అమ్మ వాటిని వండలేదు, పారెయ్యనూ లేదు. అరుగు మీద అవి మెత్తబడి, నీరుగారి, ఈగలు ముసిరేదాకా అట్లనే ఉన్నాయి.

ఈమధ్య నార్ఫోక్ దీవి హత్య కేసు గురించి చదువుతుంటే ఆ గంప గుర్తొచ్చింది. ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ సముద్రంలో, సుమారు రెండు వేల మంది ఉండే దీవి అది. 2002లో ఈస్టర్ ఆదివారం నాడు, సిడ్నీ నుంచి వచ్చి అక్కడ పని చేసుకుంటున్న ఒక యువతిని ఎవరో చంపేశారు. శవం మీద అన్ని గాయాలున్నా చూసినవాళ్ళు లేరు. పోలీసులు పదిహేను నుంచి డెబ్భై ఏళ్ళ లోపు వాళ్ళందరినీ వేలిముద్రలు ఇమ్మని అడిగారు. పొద్దున రొట్టె అమ్మినవాడూ, సాయంత్రం చర్చిలో పక్కన కూర్చున్నవాడూ అందరూ అనుమానితులే. చివరికి న్యూజిలాండ్ నుంచి వచ్చి అక్కడ వంటవాడిగా పనిచేసి వెళ్ళిన ఒకతన్ని పట్టుకున్నారు. విచారణ ఆ దీవిలోనే జరిగింది. 2007 మార్చిలో నేరం రుజువైంది.

అదే 2007లో, జులై 31న, మన దగ్గర ఇంకో తీర్పు వచ్చింది. అదీ ఊళ్ళోనే పెట్టిన కోర్టులో. అప్పటి గుంటూరు జిల్లా చుండూరు.

చుండూరు కథ తెలియని పాఠకులు తక్కువే ఉంటారు కానీ, నా వయసు వాళ్ళకు అది ఒక ఊరి పేరుగా మిగిలిపోయిందేమోనని నా అనుమానం. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న పైకులం వాడికి తగలడంతో మొదలైందంటారు. తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న, పోలీసులు ఊళ్ళో ఉండగానే, పొలాల్లోకి పరిగెత్తిన దళితుల్ని తరిమి తరిమి ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలు గోనెసంచుల్లో కాలువలో దొరికాయి. అక్కడ చూసినవాళ్ళు లేకపోవడం సమస్య కాదు. చంపినవాళ్ళెవరో, చచ్చినవాళ్ళెవరో, తరిమినవాళ్ళెవరో అందరికీ తెలుసు. ఆ తెలిసినదాన్ని సాక్ష్యంగా మార్చడానికి పదహారేళ్ళు పట్టింది.

బాధితులు పట్టుబట్టింది రెండింటికి. ఒకటి, 1989 నాటి ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు. రెండోది, ఆ కోర్టు గుంటూరులో కాదు, చుండూరులోనే ఉండాలని. ఆ చట్టం కింద, నేరం జరిగిన ఊళ్ళోనే కోర్టు పెట్టడం దేశంలో అదే మొదలు. మొదటిసారి చదివినప్పుడు నాకిది అర్థం కాలేదు. ఎదురుగా వాళ్ళ పొలాలే, వాళ్ళ ఇళ్ళే. అలాంటి చోట సాక్షి నోరు విప్పుతాడా? దూరంగా ఉన్న కోర్టే కదా భద్రం అనుకున్నాను. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి దూరమే న్యాయమని నమ్మడం అలవాటు. కానీ గుంటూరు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, వాయిదా పడితే మళ్ళీ పోవాలి. పోయినచోట సాక్షి పరాయివాడు. ఊళ్ళో అయితే బోనులో నిలబడేందుకు నిందితుడు మన వీధిలోంచే నడిచి రావాలి. విధవరాళ్ళు, పిల్లలు కూర్చుని చూస్తుంటారు. చూసింది చూడలేదని చెప్పాలంటే వాళ్ళ ముందరే చెప్పాలి.

విచారణ 2004లో మొదలైంది. మొదట్లో నిందితులు రెండు వందలకు పైనే. తీర్పు నాటికి 179 మంది. వారిలో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. నాకు గుర్తున్న పత్రికల ఫొటోల్లో సంబరం కనబడలేదు. మనుషులు అలిసిపోయి ఉన్నారు.

2014 ఏప్రిల్ 22న హైదరాబాదులోని హైకోర్టు శిక్షపడిన వాళ్ళందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. ఎవరు, ఎక్కడ, కచ్చితంగా ఏ సమయానికి చనిపోయారో, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందన్నది సారాంశం. కేసు సుప్రీంకోర్టుకు చేరింది.

నా ఉద్యోగంలో ఏదైనా సర్వర్ రాత్రి పడిపోతే, పొద్దున్నే మేం చేసే పని లాగ్ తెరిచి టైమ్‌స్టాంప్‌లు చూడటం. సెకను తేడా ఉన్నా వాదించుకుంటాం. అందుకని హైకోర్టు అడిగిన ప్రశ్న నాకు పరాయిది కాదు. మనిషిని జీవితాంతం జైల్లో పెట్టేముందు సమయం అడగడం తప్పూ కాదు. కానీ కత్తులు పట్టుకున్నవాళ్ళు వెంటబడితే చెరువుగట్టూ, పంటకాలువా దాటి పరిగెత్తే మనిషి చేతిలో గడియారం ఉండదు. పదమూడేళ్ళ తర్వాత బోనులో నిలబెట్టి గంట ఎంతయిందంటే చెప్పేదేముంది? లాగ్ రాసేది యంత్రం, దానికి భయం లేదు. రావిశాస్త్రి 'మాయ' కథ చదివినవాళ్ళకు కోర్టులో నిజం ఎట్లా వేషం మారుస్తుందో తెలుసు. అయితే ఆయన కథల్లో పోలీసుల కల్పన ఎక్కువ. చుండూరులో కల్పించాల్సిన అవసరం ఎవరికీ లేదు. అంతా జరిగిందే.

హైదరాబాదు నుంచి తిరుపతికి పోయే రైలు ఒకటి రాత్రిపూట తెనాలి దాటాక చుండూరు మీదుగా పోతుంది. పండక్కి ఊరికి పోతూ ఎన్నిసార్లు ఆ స్టేషన్ దాటానో. దాటేటప్పుడు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాను. మొన్న సంక్రాంతికి మాత్రం మేలుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. రైలు ఆగలేదు. పసుపు పలక మీద పేరు సగం కనబడి పోయింది, ఆ తర్వాత చీకటి, పొలాలు.

ఊరికి పోయాక, భోగి మంట దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు, నాయన్ని అడిగేశాను. ఇరవై ఏళ్ళకు పైగా అడగనిది.

"నాయనా, ఆ పొద్దు కళ్ళం దగ్గర ఉండింది నువ్వే కదా?"

ఆయన కొంచేపు మంటలోకి పుల్లలు తోశాడు. "ఉంటిని. ఆయప్పను కొట్టేటప్పుడు వద్దురా వద్దురా అని అరిస్తిని గూడా."

"మరి కోర్టులో?"

"కోర్టు ఆడెక్కడో ఉండె. ఆ పొద్దు ఆయప్ప రాలా, కూలి పోతాదని. జడ్జి, లాయర్లు, మన వీధోళ్ళు, అంతే. ఎవుర్ని చూసి చెప్పేది?"

"ఊళ్ళోనే పెట్టుంటే?"

నాయన జవాబు చెప్పలేదు. మంట అవతలి వైపుకు జరిగి కూర్చున్నాడు. కాసేపయ్యాక, "ఆయప్ప చెయ్యి ఇప్పటికీ వంకరే," అన్నాడు. "సంతలో కనబడతాడు. బాగుండావా అన్నా అని నన్నే ముందర పలకరిస్తాడు."

లోపల్నించి అమ్మ కాఫీకి పిలిచింది.