తిథికి అందాలి.. శ్రీకూర్మం చేరాలి!

తాబేలు నడక నింపాదిగా ఉంటుంది. కూర్మనాథుడి చెంతకు వచ్చేవాళ్లలో చాలామందికి మాత్రం అంత తీరిక ఉండదు. తండ్రి తద్దినమో, తల్లి అస్థికల నిమజ్జనమో.. ముందే పంచాంగం చూసుకుని, పురోహితుడితో మాట్లాడుకుని బయల్దేరతారు. బెంగళూరు నుంచో, ముంబై నుంచో, సముద్రాలు దాటి అమెరికా నుంచో వచ్చేవాళ్లకు విమానమే దిక్కు. తీరా విమానాశ్రయానికి వెళ్లాక ‘మీకు సీటు లేదు’ అంటే? టికెట్ డబ్బులు తిరిగిస్తారు, మరో విమానం చూపిస్తారు. తిథిని ఎవరు తిరిగిస్తారు?

పడమటి చూపు దేవుడు

శ్రీకాకుళం పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, గార మండలంలో ఉంది శ్రీకూర్మం. శ్రీమహావిష్ణువు దశావతారాల్లో రెండోది కూర్మం. క్షీరసాగర మథనంలో మునిగిపోతున్న మందరగిరిని వీపున మోసిన అవతారమిది. రాముడికీ, కృష్ణుడికీ, నరసింహుడికీ ఊరూరా గుళ్లున్నాయి కానీ, కూర్మరూపుడికి ఆలయాలు చాలా అరుదు. వాటిలో పేరెన్నికగన్నది ఇదే.

ఇక్కడ స్వామి పడమటి ముఖంగా కొలువై ఉంటాడు. అందుకే ఆలయంలో తూర్పున ఒకటి, పడమర ఒకటి చొప్పున రెండు ధ్వజస్తంభాలు కనిపిస్తాయి. శ్వేత మహారాజు తపస్సుకు మెచ్చి స్వామి ఇక్కడ వెలిశాడన్నది స్థలపురాణం. గుడి ఎదురుగా ఉన్న శ్వేతపుష్కరిణికి ఆయన పేరే వచ్చిందంటారు. రామానుజాచార్యులు ఈ క్షేత్రానికి వచ్చారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది.

పురాణం సంగతి అలా ఉంచితే, ఈ గుడి రాతి స్తంభాలే ఓ చరిత్ర పుస్తకం. తూర్పు గాంగుల కాలం నుంచి రాజులు, రాణులు, అధికారులు ఇచ్చిన దానాల వివరాలు వాటిపై చెక్కి ఉన్నాయి. మధ్వాచార్యుల శిష్యుడు, కళింగ రాజ్యంలో అధికారం నెరపిన నరహరితీర్థుల శాసనం కూడా ఇక్కడిదే. ఆయన యోగానంద నరసింహుడికి ఆలయం కట్టించిన సంగతిని 1281 నాటి ఆ శాసనం చెబుతోంది. ప్రదక్షిణ మండపం గోడల మీద పాతకాలపు రంగుల చిత్రాలు కనిపిస్తాయి. గుడి ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల దగ్గర మాత్రం పిల్లలు ఓ పట్టాన కదలరు. వీపు మీద పసుపు నక్షత్రాలు పరిచినట్టుండే ఆ తాబేళ్లు ఆకులు నములుతూ, ఎవరినీ పట్టించుకోకుండా తమ పాటికి తాము నడుస్తుంటాయి. ఫాల్గుణ పౌర్ణమికి జరిగే డోలోత్సవం ఇక్కడ పెద్ద పండగ. ఆ రోజుల్లో ఒడిశా నుంచి కూడా భక్తులు తరలివస్తారు.

కాశీకి సాటి

పితృకార్యాలకు శ్రీకూర్మం కాశీతో సమానమని ఉత్తరాంధ్ర జనం నమ్మకం. ఇక్కడి నుంచి కాశీకి సొరంగ మార్గం ఉందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. శ్వేతపుష్కరిణిలో కలిపిన అస్థికలు కూర్మాలుగా మారతాయని పెద్దలు చెబుతారు. అందుకే గట్టు మీద ఏదో ఒక కుటుంబం కార్యక్రమంలో కనిపిస్తుంటుంది. పిండప్రదానం, తర్పణం, సంకల్పంలో మూడు తరాల పేర్లు.. అంతా ఓ పద్ధతి ప్రకారం సాగుతుంది.

ఈ కార్యాలకు తేదీ కాదు, తిథి ముఖ్యం. తేదీకి 24 గంటలుంటాయి. చంద్రుడి నడకను బట్టి తిథి ఒక్కోసారి 20 గంటలకే ముగుస్తుంది, ఒక్కోసారి 26 గంటలు దాటుతుంది. అందులోనూ శ్రాద్ధానికి అపరాహ్ణ వేళ, అంటే మధ్యాహ్నం దాటిన తర్వాతి సమయం చూస్తారు. అంటే ఏడాది మొత్తంలో చేతికి చిక్కేది కొద్ది గంటలే!

ఇప్పుడు ఓ లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో ఉదయం ఏడు గంటల విమానం ఎక్కితే ఎనిమిదిన్నర లోపే విశాఖలో దిగొచ్చు. అక్కడి నుంచి జాతీయ రహదారి మీదుగా శ్రీకాకుళం, ఆపైన శ్రీకూర్మం.. దాదాపు మూడు గంటల ప్రయాణం. పుష్కరిణిలో స్నానం చేసి మధ్యాహ్నానికి కార్యక్రమానికి కూర్చోవచ్చు. అదే విమానంలో చోటు లేదని సాయంత్రం విమానానికి మారిస్తే? శ్రీకాకుళం చేరేసరికి రాత్రవుతుంది. విమానయాన సంస్థ దృష్టిలో ప్రయాణికుడు అదే రోజు గమ్యం చేరినట్టే లెక్క. కొడుకు లెక్కలో మాత్రం తండ్రి తద్దినం తప్పిపోయింది. అలాంటప్పుడు అమావాస్యనాడు పెట్టుకోవచ్చని పురోహితులు ఊరట చెబుతారు. కానీ నాలుగు రోజుల సెలవు మీద వచ్చినవాడు అమావాస్య దాకా ఆగగలడా?

కన్‌ఫర్మ్ అంటే కన్‌ఫర్మేనా?

సీటు లేకుండా టికెట్ ఎలా అమ్ముతారన్నది చాలామందికి వచ్చే సందేహం. టికెట్ కొన్నవాళ్లలో కొందరు ప్రయాణానికి రారు. ఆ సీట్లు ఖాళీగా ఎగిరితే సంస్థకు నష్టం. అందుకే పాత లెక్కలు చూసి, ఎందరు రాకపోవచ్చో అంచనా వేసి, ఆ మేరకు ఎక్కువ టికెట్లు అమ్ముతారు. 180 సీట్ల విమానానికి 184 టికెట్లు అమ్మారనుకుందాం. నలుగురు రాకపోతే అంతా సవ్యంగా సాగిపోతుంది. అందరూ వస్తే నలుగురు మిగిలిపోతారు. ఇలా టికెట్ ఉన్నా ఎక్కించుకోకపోవడాన్నే ఆ రంగంలో ‘డినైడ్ బోర్డింగ్’ అంటారు. వాడుకలో బంపింగ్.

నిజానికి రైల్వే కూడా ఉన్న బెర్తుల కన్నా ఎక్కువ టికెట్లు ఇస్తుంది. కాకపోతే ఆ సంగతి టికెట్ మీదే ఉంటుంది. ఆర్ఏసీ అయితే బెర్తును ఇద్దరు పంచుకుని కూర్చుంటారు. వెయిటింగ్ లిస్టు అయితే ఏ నంబరులో ఉన్నామో తెలుస్తుంది. తద్దినానికి వెళ్లాల్సినవాడు వెయిటింగ్ లిస్టును చూసి వేరే దారి వెతుక్కుంటాడు. విమానంలో అలా కాదు. 184 మందికీ ‘కన్‌ఫర్మ్’ అనే చెబుతారు. మిగిలిపోయే నలుగురు ఎవరన్నది కౌంటర్ దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది.

ఈ తంతును కోర్టుకెక్కించిన పేరున్న ప్రయాణికుడు అమెరికా వినియోగదారుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్. 1972 ఏప్రిల్‌లో ఓ సభకు వెళ్లాల్సిన ఆయన్ను, టికెట్ ఉన్నా అలెఘెనీ ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కించుకోలేదు. ఆయన దావా వేశారు. ఎక్కువ టికెట్లు అమ్ముతున్న సంగతి దాచినందుకు సంస్థపై దావా నడపొచ్చని 1976లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత 1978లో అమెరికాలో ఓ నిబంధన వచ్చింది. ఎవరినైనా బలవంతంగా ఆపేముందు, ఇష్టపూర్వకంగా ఆగేవాళ్లున్నారా అని అడగాలి. ఆగినవాళ్లకు తగిన ప్రతిఫలం ఇవ్వాలి. ఆర్థికవేత్త జూలియన్ సైమన్ ఈ ఉపాయాన్ని 1968లోనే చెప్పారు.

చూడ్డానికి చిన్న నిబంధనే. కానీ అందులో ఎంతో మానవత్వం ఉంది. విమానంలో అందరి తొందరా ఒకటి కాదు. విహారానికి వెళ్లే కుర్రాడు ఐదు వేలిస్తే నవ్వుతూ సాయంత్రం దాకా ఆగుతాడు. అస్థికల కలశం ఒళ్లో పెట్టుకున్నవాడు ఎంతిచ్చినా ఆగలేడు. ఎవరు ఆగగలరో కంప్యూటర్‌కు తెలియదు, అడిగితేనే తెలుస్తుంది. అడిగే పని సరిగ్గా సాగకపోతే ఏమవుతుందో 2017 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చూసింది. షికాగోలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి సీట్లు కావాలని, అప్పటికే కూర్చున్న 69 ఏళ్ల డాక్టరును దిగమంది. ఆయన ఒప్పుకోకపోవడంతో విమానంలోంచి ఈడ్చి తీసుకెళ్లారు.

మన దగ్గరా ఉంది రూలు

మన దేశంలోనూ పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) 2010లోనే నిబంధనలు తెచ్చింది. పరిహారాన్ని 2016 ఆగస్టు 1 నుంచి పెంచింది. వాటి ప్రకారం ముందుగా స్వచ్ఛందంగా ఆగేవాళ్లను అడగాలి. ఎవరూ ముందుకు రాకపోతేనే వేరొకరిని ఆపాలి. అలా ఆపినవారికి మొదటి విమానం వేళకు గంటలోపు బయల్దేరే మరో విమానం చూపిస్తే పరిహారం ఉండదు. 24 గంటల్లోపు పంపితే ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ మొత్తానికి రెట్టింపు ఇవ్వాలి. దీనికి గరిష్ఠం రూ.10 వేలు. అంతకన్నా ఆలస్యమైతే నాలుగు రెట్లు, గరిష్ఠం రూ.20 వేలు. మరో విమానం వద్దంటే టికెట్ డబ్బు మొత్తం తిరిగివ్వడంతోపాటు నాలుగు రెట్ల పరిహారం చెల్లించాలి. దీనికీ రూ.20 వేలే గరిష్ఠం.

రూలున్నా పాటించడం వేరే సంగతి. బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీల్లో తనిఖీలు చేసిన డీజీసీఏ, పరిహారం విషయంలో నిబంధనలు పాటించలేదని 2022 జూన్‌లో ఎయిరిండియాకు రూ.10 లక్షల జరిమానా వేసింది. అంతకు నెల ముందు రాంచీలో హైదరాబాద్ విమానం ఎక్కాల్సిన దివ్యాంగ బాలుణ్ని ఆపేసినందుకు ఇండిగోకు రూ.5 లక్షల జరిమానా పడింది. వీల్‌ఛెయిర్‌లో అమ్మమ్మనో, తాతయ్యనో దైవదర్శనానికి తెచ్చే కుటుంబాలు గుర్తుంచుకోవాల్సిన సంగతిది. ఆ ఘటన తర్వాత నిబంధన మారింది. ఆరోగ్యం సాకుతో దివ్యాంగులను ఆపాలంటే ముందు డాక్టరుతో పరీక్ష చేయించాల్సిందే.

మార్గశిర పౌర్ణమి వేళ..

సీట్లు ఎక్కువ అమ్మడం ఒక బాధైతే, విమానాలే రద్దవడం మరో బాధ. 2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతా దాన్ని చవిచూసింది. పైలట్ల పని వేళలు, విశ్రాంతిపై కొత్త నిబంధనలు నవంబరు 1 నుంచి పూర్తిగా అమల్లోకొచ్చాయి. వాటికి తగినట్టు సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులను రద్దు చేసింది. విశాఖ ప్రయాణికులకూ ఆ తిప్పలు తప్పలేదు. సరిగ్గా మార్గశిర పౌర్ణమి రోజులవి. మిగతా సంస్థల టికెట్ల ధరలు కొండెక్కడంతో కేంద్రం పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు దూరానికి రూ.7,500, వెయ్యి లోపైతే రూ.12 వేలు.. ఇలా. రైల్వే అదనపు బోగీలు తగిలించింది. అప్పుడు పౌర విమానయాన మంత్రిగా సమాధానాలు చెప్పుకోవాల్సి వచ్చింది ఎవరో కాదు.. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్‌నాయుడే!

తిథికి వెళ్లేవాళ్లు ఇలా చేస్తే మేలు

ఒకరోజు ముందే శ్రీకాకుళం చేరడం అన్నిటికన్నా ఉత్తమం. పట్టణంలో బసకు హోటళ్లున్నాయి. ముందురోజు అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనమూ అయిపోతుంది.

వెబ్ చెకిన్ తెరవగానే చేసేయాలి. బంపింగ్ దెబ్బ సాధారణంగా చివర వచ్చినవాళ్లకే తగులుతుంది. ఆలస్యంగా వెళితే పరిహారం అడిగే హక్కు కూడా ఉండదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు విశాఖ దాకా ఒకే టికెట్ తీసుకోవాలి. అప్పుడు మధ్యలో ఓ విమానం తప్పినా తర్వాతి దాంట్లో పంపే పూచీ సంస్థదే. విడివిడిగా కొంటే ఎవరి గొడవ వారిదే. అస్థికలు తెస్తుంటే మరణ, దహన ధ్రువపత్రాలు దగ్గరుంచుకుని, సంస్థ నిబంధన ఏమిటో ముందే కనుక్కోవాలి.

కౌంటర్‌లో సీటు లేదంటే గొంతు పెంచనక్కర్లేదు. ‘ఆగేవాళ్లున్నారా అని అడిగారా?’ అన్నది మొదటి ప్రశ్న కావాలి. తిథి ఉందన్న సంగతి చెప్పాలి. అయినా కుదరదంటే, ఎందుకు ఎక్కనివ్వలేదో రాసివ్వమనాలి. బోర్డింగ్ పాసు, మెసేజులు, ట్యాక్సీ రసీదులు దాచుకోవాలి. ముందు సంస్థకు, తర్వాత ఎయిర్‌సేవ పోర్టల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. సంస్థ కార్యాలయం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లాల్సిన పనిలేదు.

దారి దగ్గరవుతోంది

శ్రీకూర్మానికి రైలు దారీ ఉంది. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, శ్రీకాకుళం మీదుగా బస్సులోనో, ఆటోలోనో వెళ్లొచ్చు. విమానంలో వచ్చేవాళ్లకు ఇన్నాళ్లూ నౌకాదళ స్థావరంలోని విశాఖ విమానాశ్రయమే ఆధారం. విశాఖ-శ్రీకాకుళం దారిలోనే ఉన్న భోగాపురంలో కొత్త విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయంలో 2026 జనవరి 4న పరీక్షార్థం తొలి విమానం దిగింది. అక్కడి నుంచైతే శ్రీకూర్మానికి రోడ్డు ప్రయాణం దాదాపు సగానికి తగ్గుతుంది. తిథికి పరుగెత్తుకొచ్చేవాళ్లకు ఆ గంటన్నర ఎంతో విలువైనది.

కార్యక్రమం ముగిశాక కాస్త తీరిక దొరికితే, అదే గార మండలంలో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి. ఇంకాస్త ముందుకెళితే నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం, అక్కడి దీపస్తంభం. ఒకప్పుడు ఓడలు బయల్దేరిన రేవది. తిరుగు విమానం మర్నాటికి పెట్టుకుంటే ఇవన్నీ నింపాదిగా చూసుకోవచ్చు.. కూర్మనాథుడి ఊరికి వచ్చి తొందరపడటం ఎందుకు!