పొద్దున్నే స్టార్ట్ కాని వ్యాను



మన సంఘం వ్యాను ఇప్పుడు పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుతోంది. ప్రార్థించిన వారికి, ఆదివారాలు ముందుగా వచ్చి బండిని తోసిన యువకులకు కృతజ్ఞతలు. లోపం ఎక్కడుంది, ఎలా దొరికింది అని చాలామంది అడుగుతున్నారు. మీలో ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు నడుపుకునేవారు ఉన్నారు కాబట్టి వివరంగానే రాస్తున్నాము. బండి సంగతితో పాటు, మన మధ్య తిరిగిన ఒక మాట సంగతి కూడా ఇందులో ఉంది.

పెట్రోలు బండిలో నిప్పు పుట్టించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో అది ఉండదు. పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని దాదాపు 20వ వంతు చోటులోకి నొక్కుతుంది. అలా నొక్కిన గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ సమయంలో నాజిల్ సన్నగా డీజిల్ చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజన్ కూడా ఈ సూత్రం మీదే పనిచేసింది. కాబట్టి కావలసినవి మూడు: ఇంజన్ వేగంగా తిరగాలి, లోపలి గాలి వేడెక్కాలి, డీజిల్ వేళకు చేరాలి. స్టార్ట్ కాలేదంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పినట్టే.

మన బండికి మొదట బ్యాటరీ మార్చాము. అది నిజంగానే అయిపోయింది. తర్వాత చలికాలంలో హీటర్ ప్లగ్గులు చూపిస్తే రెండు కాలిపోయి ఉన్నాయి, అవీ మార్చాము. పొలాల మధ్య డిసెంబరు తెల్లవారుజామున ఇంజన్ చల్లబడి ఉంటుంది కాబట్టి ఆ ప్లగ్గుల వేడి లేకపోతే కష్టమే. అయినా బండి తీరు మారలేదు. రాత్రంతా నిలబెడితే పొద్దున మొండికేసేది. ఎలాగోలా ఒకసారి స్టార్ట్ అయిందంటే ఇక రోజంతా ఎన్నిసార్లు ఆపినా ఇబ్బంది లేదు.

ఇదంతా నడుస్తుండగానే ఒక మాట పుట్టింది. డ్రైవరన్న ట్యాంకు నింపించమని పదేపదే అడుగుతున్నాడు, డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడేమో అని. జీతం లేకుండా ప్రతి ఆదివారం ఏదులాబాద్, అంకుశాపూర్, అన్నోజిగూడ దారుల్లో తిరిగి, నడవలేని పెద్దవాళ్ళను మందిరానికి తీసుకొచ్చే మనిషి ఆయన. అప్పటికే ఆయన చెబుతూ వచ్చింది ఒకటే: "ట్యాంకు నిండుగ ఉంటే పొద్దున లేస్తది అయ్యగారు, సగమే ఉంటే సతాయిస్తది. ముందు టైర్లు పల్లంల పెడితే కూడ మంచిగ లేస్తది." కొందరికి అది సాకులా వినబడింది. మాట ఆయన చెవిన పడిన రోజు తాళం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "వేరేవాళ్ళకు ఇయ్యండి" అన్నాడు.

మేము ఆ తాళం తీసుకోలేదు. ముందు బండిని సరిగా చూపిద్దాము, తేలేదాకా ఎవరూ ఏమీ అనవద్దు అని సంఘ పెద్దలతో కలిసి చెప్పాము. నాచారంలో డీజిల్ పంపులు, నాజిళ్ళ పని బాగా తెలిసిన ఒక మెకానిక్ దగ్గరికి సాయంత్రం వెళ్ళి, బండిని రాత్రికి అక్కడే వదిలాము. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. పొద్దున మాత్రమే వచ్చే జబ్బును వేడి ఇంజన్‌లో చూపిస్తే ఎంత మంచి మెకానిక్‌కైనా కనబడదు.

మరునాడు ఆయన పాన పట్టుకోకముందే చాలాసేపు ప్రశ్నలు అడిగాడు. తర్వాత సెల్ఫ్ కొట్టించి సైలెన్సర్ దగ్గర నిలబడ్డాడు. సెల్ఫ్ బలంగా తిరుగుతోంది, పొగ మాత్రం చుక్క కూడా లేదు. తెల్ల పొగ వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ చేరుతోంది గానీ మండటం లేదని అర్థమట. అప్పుడు హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగ్ చూడాలి. అసలు పొగే లేకపోతే డీజిలే చేరడం లేదు. ఆ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు పోయాయి.

ఫిల్టరుకు ముందు పైపులో జానెడు పారదర్శక గొట్టం కలిపాడు. చేతి పంపుతో డీజిల్ ఎక్కించి స్టార్ట్ చేస్తే అందులో సన్నని బుడగలు వరుసగా పోతూ కనిపించాయి. ఆ రాత్రికి ట్యాంకు పైపు విప్పేసి, ఇంజన్ కంటే ఎత్తులో ఒక డీజిల్ క్యాను కట్టి, అక్కడి నుంచి నేరుగా ఫిల్టరుకు ఇచ్చాడు. రెండో పొద్దున బండి వెంటనే స్టార్ట్ అయింది. అంటే పంపు, నాజిళ్ళు, కంప్రెషన్ అన్నీ బాగున్నాయి. లోపం ట్యాంకుకు, ఫిల్టరుకు మధ్యలోనే ఉంది. ఈ పరీక్ష చేయకుండా పంపు విప్పి ఉంటే పేదల కానుకల్లోంచి వేల రూపాయలు పోయేవి.

చివరికి దొరికింది ట్యాంకు దగ్గర క్లాంపు కింద గట్టిపడి, వెంట్రుకంత చీలిన రబ్బరు గొట్టం. "మరి కింద ఎప్పుడూ డీజిల్ మరక లేదు కదా?" అని అడిగాము. "ఇది కారే లీకు కాదు, పీల్చే లీకు" అన్నాడు. ట్యాంకు నుంచి వచ్చే ఆ పైపులో డీజిల్‌ను పంపు లాక్కుంటుంది. కాబట్టి చీలిక ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ కొద్ది గాలిని తట్టుకుంటుంది. రాత్రి నిలబడినప్పుడు మాత్రం గాలి చేరి, పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపుకు అందేది గాలే. ట్యాంకు నిండుగా ఉన్నా, బండి ముందు భాగం పల్లంలో ఉన్నా డీజిల్ అంతగా వెనక్కి జారదు.

డ్రైవరన్న చెప్పిన రెండు మాటలూ అక్షరాలా నిజం. దొంగతనానికి గుర్తుగా చూపించినదే జబ్బుకు అసలైన ఆనవాలు. కొత్త గొట్టానికి, రెండు క్లాంపులకు అయిన ఖర్చు మూడు వందల లోపే.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో, ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా తేల్చకూడదని, న్యాయాధిపతులు బాగా విచారించాలని ఉంది. ఇక్కడైతే ఆ ఒక్క సాక్షి కూడా లేడు. ఒక ముల్లు, ఒక ఊహ, అంతే. గొట్టం మారిస్తే బండి లేచింది. మాట పడిన మనిషికి అంత తొందరగా బాగుకాదు. ఆదివారం ఆరాధన తర్వాత ఆ పాత గొట్టం ముక్కను అందరికీ చూపించాము. మాట అన్నవారిలో ఒకరు అప్పుడే వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఇంకొకరు ఇంకా వెళ్ళలేదు. పేరు రాయము. వారు ఇది చదువుతారని మాకు తెలుసు. వెళ్ళండి, ఆయన ఎదురుచూస్తున్నాడు.

బండ్లు ఉన్నవారికి నాలుగు మాటలు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో ఆగండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లోకి పెట్రోలు గానీ, ఈథర్ స్ప్రే గానీ కొట్టకండి, లోపలే పేలవచ్చు. నాజిల్ చిమ్ముతుంటే వేలు అడ్డం పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

వచ్చే ఆదివారం వ్యాను ఎప్పటి వేళకే, ఎప్పటి దారుల్లోనే వస్తుంది. నడిపేది ఆ అన్నే. ఎక్కేటప్పుడు ఆయనకు వందనం చెప్పండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.