వాక్యంలోనే అసలు వ్యాకరణం

ఇటలీకి కొత్తగా వచ్చిన మనవాళ్లను ముందుగా తికమక పెట్టేవి క్రియలు. స్పెల్లింగు ఒకటే ఉంటుంది, వ్యాకరణం మారిపోతుంది. అయితే తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదని నా గట్టి నమ్మకం.

‘వచ్చారు’ అన్నామనుకోండి. వచ్చింది మీరా, వాళ్లా, మామయ్యగారొక్కరేనా? పక్కనున్న మాటలే చెప్పాలి. ఇటాలియన్‌లో ‘సోనో’ కూడా అంతే. ‘నేను ఉన్నాను’, ‘వాళ్లు ఉన్నారు’ రెండింటికీ అదే మాట. మనలాగే ఇటాలియన్లూ కర్తను వదిలేసి మాట్లాడతారు. క్రియ చివరి అచ్చును బట్టి మనిషిని పోల్చుకుంటారు.

చిక్కంతా ‘పార్లి’ లాంటి రూపాలతోనే. మామూలు వర్తమానంలో దాని అర్థం ‘నువ్వు మాట్లాడతావు’. సందేహం, కోరిక, అభిప్రాయం తెలిపే ‘కొంజుంతీవో’లో నేను, నువ్వు, అతను ముగ్గురికీ ఆ రూపమే. మర్యాదగా ‘మాట్లాడండి’ అనాలన్నా అదే. చనువుగా ‘మాట్లాడు’ అనడానికి ‘పార్లా’. ‘ఆమె మాట్లాడుతుంది’ అన్నా ‘పార్లా’నే. ‘తీసుకోవడం’ దగ్గరికొచ్చేసరికి ఈ అచ్చులు తారుమారవుతాయి: చనువుకు ‘ప్రెంది’, మర్యాదకు ‘ప్రెందా’. ఆఫీసు కౌంటరులో ‘అస్పెత్తి’ అని వినబడితే, ‘కాస్త ఆగండి’ అని మర్యాదగా అన్నట్టే.

కొన్నిటిని చెవే విడదీయాలి. ‘పెర్దోనో’లో మొదటి అక్షరాన్ని ఒత్తి పలికితే ‘వాళ్లు ఓడిపోతారు’, రెండోదాన్ని ఒత్తితే ‘నేను క్షమిస్తున్నాను’. మామూలు రాతలో తేడా కనిపించదు.

కొన్ని చిక్కులను జనం వాడుకే తీర్చింది. పాత సాహిత్య భాషలో ‘అవేవా’ అంటే ‘నాకు ఉండేది’, ‘అతనికి ఉండేది’ రెండూ. ఫ్లోరెన్స్ జనం మాత్రం ‘నాకు’ అనే చోట ‘అవేవో’ అనేవారు. అలెస్సాంద్రో మంజోనీ తన ‘ఇ ప్రొమెస్సీ స్పోజీ’ నవలను ఆ ఊరి పలుకుబడికి తగ్గట్టు దిద్ది, 1840-42లో మళ్లీ ప్రచురించినప్పుడు ఈ రూపాన్నే తీసుకున్నారు. నేటి ప్రామాణిక భాషలో నిలిచిందీ అదే. గిడుగువారి వ్యావహారిక ఉద్యమం ఎరిగిన మనకు ఆ నిర్ణయం విలువ తెలుసు.

ఇక్కడ దీర్ఘకాల నివాస పత్రానికి ఏ2 స్థాయి ఇటాలియన్ అవసరం. అందుకోసం చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: క్రియల పట్టికను ఒట్టిగా బట్టీ పట్టకండి. ప్రతి రూపాన్నీ వాక్యంలో పెట్టి, పైకి పలికి నేర్చుకోండి. కొంజుంతీవోలో ఎవరి గురించో తేలని చోట ‘ఇఓ’ (నేను), ‘తూ’ (నువ్వు), ‘లుయి’ (అతను) అనే మాటలను వదలకండి. పెద్దల కోసం నడిచే ప్రభుత్వ పాఠశాలలు, సీపీఐఏలు, ఉన్నాయి, వాటిలో చేరండి.