వంగిన నడుముకు తగిన రంపం

మా ఇంటికి చుట్టాలు వస్తే మహబూబ్‌నగర్ దగ్గరున్న పిల్లలమర్రికి తీసుకువెళ్లడం మాకు అలవాటు. ఆ మర్రికి ఏడు వందల ఏళ్లని పెద్దలు చెబుతారు. చెదలు పట్టి 2017లో ఒక పెద్ద కొమ్మ విరిగితే, 2018లో సెలైన్ సీసాలు కట్టి చెట్టుకు చెదల మందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టి ఊత ఇచ్చారు. నిరుడు చలికాలంలో ఆ ఊతలను చూస్తూ మేమిద్దరం ఒకే మనిషిని తలుచుకున్నాము. ఆయన మర్రిగూడ వైపు ఒక పల్లెలో ఉండే మా అక్క భర్త, మా బావ.

బావ చిన్నప్పుడు హాస్టల్లో చదువుతూ వడ్రంగం నేర్చుకున్నారు. ఆ చుట్టుపక్కల తలుపులు, మంచాలు, గుడి బెంచీలు ఆయన చేతివే. కాని ఆయన పుట్టింది బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నేల మీద. మంచినీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదంటారు. ఆ హద్దు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఆ తరువాత ఎముకలూ కీళ్లూ బిగిసిపోతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. ఒక జిల్లా పేరు ఇలా ప్రపంచానికి తెలియడం మనకు గర్వమో బాధో చెప్పలేము. తరువాత కృష్ణా నీళ్లు వచ్చాయి, 2016లో మిషన్ భగీరథ మొదలైంది. పిల్లలకు మేలు జరిగింది. కాని బిగిసిపోయిన పెద్దవాళ్ల ఎముకలను మంచినీళ్లు తిరిగి సరిచేయలేవు.

మేము జడ్చర్లలో బస్సెక్కాము. మిడ్జిల్, కల్వకుర్తి దాటాక నల్లగొండ జిల్లా వస్తుంది. దారి పొడవునా పత్తి చేలు, కంది చేలు, వాటి మధ్య ఏనుగులు పడుకున్నట్టు నల్లటి గుండ్లు. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడు భూమిలోని నీటిలోకి దిగుతుంది. చూడటానికి ఎంత అందమైన దారి! దేవరకొండ దాటి, చింతపల్లి మీదుగా మర్రిగూడ చేరేసరికి పొద్దు వాలింది.

బావ అరుగు మీద స్టూలుపై కూర్చుని ఉన్నారు. వడ్రంగి నేల మీద కూర్చుని, చెక్కను పాదాలతో అదిమిపట్టి బాడిసతో చెక్కుతాడు. ఆయన కిందికి కూర్చోలేరు, మెడ వంచలేరు. మూడేళ్లుగా పనిముట్ల పెట్టె తెరవలేదని అక్క చెప్పి కళ్లు ఒత్తుకుంది. ఆదివారం బడి పిల్లలకు చెక్క అక్షరాలు చేసిస్తానని మాట ఇచ్చి చేయలేకపోయానని ఆయన దిగులు.

మేము అసలు సంగతి చెప్పాము. స్క్రోల్ సా అని ఒక చిన్న కరెంటు రంపం ఉంది. దానికి తీగలాంటి సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటుంది. రంపాన్ని తోయనక్కరలేదు, కూర్చుని చెక్కను వేళ్లతో తిప్పితే చాలు. వంపులు కోయడమే దాని పని. మన తెలుగు అక్షరాలన్నీ వంపులే కదా!

బావ నవ్వారు. "ఏం బామ్మర్దీ, నడుము పోయినోనికి మిషినెందుకు? మీ పైసలు దండుగ" అన్నారు. కాని ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారగానే, "అది ఎంత ఎత్తుంటది? బ్లేడు మార్చేటందుకు తాళంచెవి తిప్పాల్నా? నా వేళ్లకు బలం లేదు" అన్నారు. మేము టేపు తీసి ఆయన స్టూలు ఎత్తు, కూర్చున్నప్పుడు మోచేతి ఎత్తు కొలిచి కాగితం మీద రాసుకున్నాము.

అమెరికాలో ఉన్న మా అల్లుడు అక్కడినుంచే పంపుతానన్నాడు. వద్దన్నాము. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మోయాలి, చెడిపోతే విడిభాగాలు దొరకవు. తరువాతి నెలలో మేమే సికింద్రాబాదు రాణిగంజ్ బజారుకు వెళ్లాము.

దుకాణదారుడు మొదట అన్నిటికన్నా పెద్ద మిషను చూపించాడు. మాకూ మనసు దాని మీదకే పోయింది. కాని కాగితం తీసి చూసుకున్నాము. స్క్రోల్ సా సైజు అంటే బ్లేడుకూ వెనుక స్తంభానికీ మధ్య ఎడం. 16 అంగుళాల మిషను మీద చెక్కను తిప్పుకుంటూ కోస్తే 32 అంగుళాల పలక నడిమికి కూడా బ్లేడు అందుతుంది. ఆరంగుళాల అక్షరాలకు అంతకు మించి ఎందుకు?

తరువాత బ్లేడు సంగతి. కొన్ని బ్లేడుల కొసలకు అడ్డంగా చిన్న మేకు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. 'ఠ' వంటి అక్షరం లోపలి భాగం కోయాలంటే ముందు రంధ్రం వేసి, బ్లేడును అందులోనుంచి దూర్చి బిగించాలి. మేకున్న బ్లేడు దూరడానికి పెద్ద రంధ్రం కావాలి, సన్నని పని చెడుతుంది. అందుకని రెండు రకాలనూ పట్టేది, తాళంచెవి లేకుండా బొటనవేలితో మర తిప్పి బిగించేది అడిగాము. టేకు కోసేటప్పుడు నెమ్మదిగా నడపాలి గనుక వేగం తగ్గించుకునే మీట ఉన్నదే చూశాము. రెండు చేతులూ చెక్క మీదే ఉండేటట్టు కాలితో నొక్కే స్విచ్చు కూడా తీసుకున్నాము.

చివరి పరీక్ష అదురు. మిషను బల్ల మీద మందపాటి పాత అయిదు రూపాయల బిళ్ళను అంచు మీద నిలబెట్టి మిషను నడపమన్నాము. ఒకదాని మీద బిళ్ళ వెంటనే పడిపోయింది. మరొకదాని మీద కాసేపు నిలిచింది. ఎక్కువ అదిరే మిషను కీళ్ల నొప్పి ఉన్నవారి చేతులను ఇంకా అలసట పెడుతుంది. రెండవదే కొన్నాము. పెద్దదానికన్నా అది చిన్నది, ధర సగమే.

మర్రిగూడకు తీసుకువెళ్లి మోచేతి ఎత్తుకు బల్ల చేయించాము. మిషను వెనుక కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టి దాన్ని కొంచెం ముందుకు వాల్చాము. ఇప్పుడు మెడ వంచకుండానే గీత కనబడుతుంది. కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ కట్టుకోనిదే స్విచ్చు నొక్కకూడదని అక్క షరతు పెట్టింది. టేకు పొడి ఊపిరికి మంచిది కాదు.

మొదటి 'అ' సగంలోనే బ్లేడు తెగింది. మేము కంగారుపడ్డాము. బావ మాత్రం, "తొందరపడి చెక్కను నెట్టిన, తప్పు నాదే" అని తానే మర విప్పి కొత్త బ్లేడు బిగించారు. రెండవ 'అ' నిండుగా వచ్చింది. దాన్ని ఆకురాయితో నున్నగా చేసి మనుమరాలి చేతికిచ్చారు. ఆ బిడ్డ పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి, ఆమె తాగుతున్నది కృష్ణా నీళ్లు.

ప్రియ పాఠకులారా, ఇంట్లో పనిముట్టు కొనేటప్పుడు దుకాణంలోని మిషనును కాదు, ఇంట్లోని మనిషిని ముందు కొలవండి. మొన్న కబురు వచ్చింది, బావ 'ళ' దాకా వచ్చారట. 'ఱ' కూడా చేయాలా వద్దా అని అడుగుతున్నారు. చేయమన్నాము.