పళ్ళు చూసి... కాడి కట్టి!

తిరునాళ్ల రోజుల్లో పల్నాడు వెళ్లి 'ఇవాళ ఏం పోటీ?' అని అడగండి. 'నాలుగు పళ్ళు' అంటారు. కొత్తవాళ్లు తెల్లమొహం వేయాల్సిందే! అది ఎడ్ల బండలాగుడు పోటీల భాష.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాకు కేంద్రమైంది నరసరావుపేట. ఆ చుట్టుపక్కల సంక్రాంతి మొదలు ఎండలు ముదిరేదాకా ఎక్కడో ఒకచోట బండ కదులుతూనే ఉంటుంది. మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభల సంబరం సరేసరి.

ఎద్దుకు పుట్టినరోజు పత్రం ఉండదు కదా! అందుకే కింది పెదవి దించి చూస్తారు. పశువుకు ముందరి పళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. రెండేళ్లు దాటాక పాలపళ్ళు జతలుగా ఊడి పెద్దపళ్ళు వస్తాయి. దాదాపు అయిదేళ్లకు ఎనిమిదీ పూర్తవుతాయి. ఆ లెక్కనే పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు. ఆ పైన జూనియర్లు, సీనియర్లు. మెట్టు ఎక్కేకొద్దీ బండ బరువెక్కుతుంది.

చిక్కంతా అక్కడే. ఏడాదంతా మేపి, తీరా పోటీ వారంలో జతలో ఒకదానికి కొత్త పన్ను మొలిచిందనుకోండి... పైమెట్టులో ముదురు ఎడ్లతో తలపడాలి! రైతు ఏం చేయగలడు?

బరిలో మాత్రం గడియారమే పెద్దమనిషి. పోటీని బట్టి పదో, పదిహేనో, ఇరవయ్యో నిమిషాలు. ఆలోపు ఎన్నిసార్లు అటూ ఇటూ లాగితే అన్ని అడుగులు. చివరి సగం చుట్టును టేపు పెట్టి అంగుళాలతో సహా కొలుస్తారు. ఇంత లాగితే గెలుపన్న గీత ముందుగా ఉండదు. మొదటి జత లాగిన దూరమే తర్వాతివాళ్లకు గురి. మలుపు దగ్గర క్షణం తడబడితే వెనకబడ్డట్టే. తోక మెలిపెట్టి, కర్రతో అదిలించే తీరు చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. అది లేకుండా లాగిన జతకే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

పన్ను వయసు చెబుతుంది కానీ మేత సంగతి చెప్పదు. ఉలవలు దండిగా పెట్టి, నడకకూ ఈతకూ మనుషుల్ని పెట్టుకోగల ఆసామి జతా, సొంత కష్టంతో పెంచిన చిన్నరైతు జతా ఒకే వరసలో నిలబడతాయి. అయినా చిన్నరైతుకు ఆశ మిగిల్చింది ఈ పళ్ళ లెక్కే. అన్నీ ఒకే బరిలో దిగాల్సివస్తే కోడెదూడల్ని తెచ్చేదెవరు?

ట్రాక్టర్లొచ్చాక దుక్కికి ఎద్దు అక్కర్లేకపోయింది. కొట్టంలో ఒంగోలు జత మిగిలిందంటే చాలాచోట్ల ఈ పందేల కోసమే. పేరొచ్చిన జత లక్షల్లో పలుకుతుంది.

పోటీ ముగిశాక బరి పక్కన చూడండి. పాలపళ్ళ విభాగంలో లాగొచ్చిన కోడెకు నీళ్లు పెడుతూ, మరోసారి దాని పెదవి దించి చూస్తుంటాడు రైతు. వచ్చే తిరునాళ్లదాకా ఆగుతాయా, ఊడతాయా అని!